పక్కవారి పెరట్లో మంట: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య ఉన్న గ్రామం. మా ఇంటి ముందు భాగం స్లాబు అయినా, వెనుక పశువుల పాక మాత్రం కమ్మలతో నేసినదే. పాకను ఆనుకొని గడ్డికుప్ప ఉంటుంది. మా పెరటికీ పక్క పెరటికీ మధ్య గోడ లేదు, కొబ్బరి మట్టల దడి మాత్రమే ఉంది. పక్కింటాయన మా వారికి పెదనాన్నగారి కుమారుడు, నాకు బావగారి వరుస. సాయంత్రం కాగానే ఎండిన మట్టలు, డొక్కలు, జీడి ఆకు, ప్లాస్టిక్ సంచులు అన్నీ కలిపి దడి పక్కనే పోగుచేసి నిప్పు పెడతారు. మంట తగ్గగానే ఇంట్లోకి వెళ్లిపోతారు. మొన్న మాఘమాసంలో ఒక నిప్పురవ్వ ఎగిరివచ్చి మా గడ్డికుప్ప అంచున పడితే, మా అబ్బాయి చూసి ఆర్పాడు. మా అత్తగారికి ఆయాసం. నేను బావగారి ఎదుట నిలబడి మాట్లాడలేను. మా వారేమో అన్నయ్యతో తగవెందుకంటారు. నన్నేం చేయమంటారు?

— ఒక సోదరి, ఉద్దానం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పొగ వల్ల కలిగే బాధ, నిప్పు వల్ల కలిగే భయం రెండూ కలిసిపోయి ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకేసారి ఎత్తితే మీ మాట నిలవదు. పొగ గురించి మొదలుపెడితే, పల్లెటూరిలో పొగ లేని ఇల్లెక్కడుందన్న జవాబు వస్తుంది, అక్కడితో సంభాషణ ముగుస్తుంది. గడ్డికుప్ప గురించి మొదలుపెడితే అలా తప్పించుకోవడం కష్టం, ఎందుకంటే మీ కుప్ప అంటుకున్న రోజున ఆ దడి ఆయన పాకను కూడా కాపాడలేదు. కనుక మొదటి మాట నిప్పు గురించే కావాలి. అత్తగారి ఆయాసం సంగతి తర్వాత చెప్పవచ్చు. నిప్పు దూరం జరిగితే పొగ కూడా కొంత దూరం జరుగుతుంది.

మంట ఎత్తుగా లేచినప్పుడు అందరూ భయపడతారు, అణగిపోగానే ప్రమాదం తీరిందనుకుంటారు. కొబ్బరి చెత్త విషయంలో ఈ లెక్క తప్పుతుంది. ఎండిన ఆకు కొద్ది నిమిషాలలో భగ్గున మండి అయిపోతుంది గాని, డొక్క, పీచు, మట్ట మొదలు మంట కనిపించకుండా లోలోపల రాజుకుంటూ రాత్రంతా, ఒక్కొక్కసారి మరునాటి వరకు నిప్పును నిలుపుకుంటాయి. పైన బూడిద కప్పి ఉంటుంది కనుక పిల్లవాడు కాలు పెట్టినా, దూడ తొక్కినా కాలిన తర్వాతగాని తెలియదు. మీది సముద్రానికి దగ్గరి ప్రాంతం. తెల్లవారుజామున గాలి కదలకపోయినా, పొద్దెక్కిన తర్వాత సముద్రపు గాలి బలపడుతుంది; రాత్రి చల్లారిందనుకున్న కుప్ప మీది బూడిదను ఆ గాలి లేపి, కింది నిప్పుకు ఊపిరి పోస్తుంది. అందువల్ల మీ బావగారు చేస్తున్న పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది కాల్చడం కాదు, కాల్చి వదిలివెళ్లడం. రెండవది, దడి పక్కన కాల్చడం. ఎండిన మట్టల దడి అంటుకుంటే అది ఒక పెరటి నుంచి రెండవ పెరటికి నిప్పును నడిపించుకుంటూ పోతుంది.

ఇక ఆయన ఎందుకు కాలుస్తున్నారో ఆలోచించకుండా ఈ సమస్య తీరదని నా అభిప్రాయం. సోమరితనమని కొట్టిపారేయడం సులువే గాని, కొబ్బరి రైతుకు చెత్త కుళ్లనివ్వడమంటే భయం ఉంటుంది. కొమ్ము పురుగు కుళ్లిన కొబ్బరి మొద్దులలోను, పెంటకుప్పలలోను గుడ్లు పెట్టి పెరుగుతుంది. పెద్దదై చెట్టెక్కి లేత మొవ్వును తొలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం తోటలు కూలిపోయిన తర్వాత మళ్లీ నాటి పెంచుకుంటున్నవారికి ఆ పురుగు మీద ఉండే భయం మనలాంటి వారికి అంత తొందరగా అర్థం కాదు. పోగుపడిన మట్టల కింద పాములు చేరతాయన్న భయం కూడా అబద్ధం కాదు. కనుక కాల్చవద్దని మాత్రమే చెబితే వారం రోజులు ఆగి మళ్లీ కాలుస్తారు. ఆ చెత్తకు మరో దారి చూపినప్పుడే మాట నిలుస్తుంది.

ఆ దారులు మీ ప్రాంతానికి కొత్తవేమీ కావు. డొక్కలను కాల్చడమంటే తోటకు పనికివచ్చే వస్తువును బూడిద చేసుకోవడమే. చెట్టు మొదలుకు సుమారు 2 మీటర్ల దూరంలో చుట్టూ కందకం తీసి, డొక్కల లోపలి వైపు పైకి ఉండేలా వరుసలుగా పేర్చి మట్టి కప్పితే, అవి వాన నీటిని పీల్చుకొని ఇసుక నేలలో చాలాకాలం తేమను నిలుపుతాయి. మట్టలు దడికి, పొయ్యికి పోగా మిగిలిన వాటి ఈనెలు చీపుర్లకు పనికివస్తాయి. ఆకు చెత్తను గుంతలో వేసి ఎరువు చేసుకోదలిస్తే, కొమ్ము పురుగు పిల్లలను చంపే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని ఆ గుంతలో కలపవచ్చు. అది ఎక్కడ దొరుకుతుందో, ఎంత మోతాదులో వేయాలో మీ రైతు సేవా కేంద్రంలో గాని, ఉద్యాన శాఖ అధికారిని గాని అడిగి తెలుసుకోండి. అప్పుడప్పుడు గుంతను తిరగవేసి పురుగులను ఏరివేయడం కూడా మంచి పద్ధతి. ప్లాస్టిక్ సంచులకు మాత్రం ఈ దారులేవీ లేవు. వాటిని విడిగా ఒక గోనెలో వేసి పంచాయతీ చెత్త బండికి ఇవ్వవలసిందే; బండి సక్రమంగా రాని ఊరైతే ఆ ఒక్క గోనెను మీరే తీసుకొని మీ చెత్తతో పాటు పంపుతామని చెప్పండి. అంత సాయం చేస్తామంటే కాదనేవారు తక్కువ.

మాట్లాడవలసింది ఎవరన్న ప్రశ్నకు వస్తే, మీరు బావగారి ఎదుట నిలబడనక్కర లేదు. ఆయన భార్య మీకు తోడికోడలు, మీరు అక్కా అని పిలిచే మనిషి. ఆరవేసిన బట్టల మీద మసి పడేది, పొద్దున్నే బూడిద ఎత్తవలసి వచ్చేది ఆమెకే. మంట వెలుగుతున్న సాయంత్రం కాకుండా, మధ్యాహ్నం తీరిక వేళ వెళ్లి, రవ్వ పడిన కథను ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఒకే ఒక్క కోరిక కోరండి: కాల్చే చోటును దడి నుంచి, పాకల నుంచి దూరంగా, పెరటి రెండవ చివరకు మార్చమనండి. ఒకేసారి పది కోరికలు పెడితే ఒక్కటీ నెరవేరదు. మీ వారు అన్నగారితో చెప్పవలసింది కూడా ఒక్కటే: మంట వేసిన రోజున పడుకునే ముందు రెండు బిందెల నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ నీళ్లు పోయాలని. అన్నయ్యతో తగవెందుకన్న ఆయన మాటను నేను తప్పుపట్టను గాని, గడ్డి తగలబడిన తర్వాత వచ్చే తగవు ఇంతకన్న పెద్దదని ఆయనకు మీరే చెప్పాలి.

ఈలోగా మీ వైపు కూడా కొంత చేసుకోండి. గడ్డికుప్పను పాకకు ఆనించి ఉంచడం, మంట ఎవరిదైనా, ఏ కాలంలోనైనా మంచిది కాదు. కుప్ప అంటుకుంటే పశువుల కట్లు విప్పే వ్యవధి ఉండదు. వచ్చే నూర్పుల తర్వాత కొత్త కుప్పను దడికి, పాకకు రెండింటికీ దూరంగా వేయించండి. దడి పొడవునా రెండు మూడు అడుగుల మేర ఆకు, గడ్డి లేకుండా నేలను చెక్కి శుభ్రంగా ఉంచండి. పాక దగ్గర ఒక డ్రమ్ము నీళ్లు, రెండు గోనె సంచులు ఎప్పుడూ ఉండాలి. చిన్న నిప్పు మీద తడి గోనె కప్పడం, నీళ్ల కోసం నూతికి పరుగెత్తడం కంటే ఎంతో నయం. అత్తగారిని మంట వేళకు ముందే పొగ రాని దిక్కున ఉన్న గదిలోకి మార్చి, మంట వైపు కిటికీలు మూయండి. తడి బట్ట ముక్కుకు కట్టుకుంటే పొగలోని సన్నని రేణువులు ఆగవు. ఎన్-95 మాస్కు సరిగ్గా అమరితే రేణువులను ఆపుతుంది గాని విషవాయువులను ఆపలేదు, పైగా ఆయాసం ఉన్నవారికి దానితో ఊపిరి తీయడం కష్టం కావచ్చు. ఇన్‌హేలరు ఎప్పుడు, ఎంత వాడాలో వైద్యునితో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇవన్నీ చేసినా మార్పు రాకపోతే ముందు ఊరి పెద్దల చేత చెప్పించండి; అప్పటికీ వినకపోతే పంచాయతీ కార్యదర్శికి వ్రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. రవ్వ పడిన రోజు, గాలి దిక్కు, చూసినవారి పేర్లు అందులో ఉండాలి; తిట్లు ఉండకూడదు. బంధువు మీద అర్జీ అన్న సంకోచం మీకు సహజమే గాని, ఊరి పెద్దల చేత చెప్పించడం ఆ మెట్టుకు ముందే జరిగి ఉంటుంది కనుక, అర్జీ వల్ల కొత్తగా చెడేది ఎక్కువ ఉండదు.

ప్రశ్న: మాది విజయనగరం పట్టణం. మా ఇంటి వెనుక ఖాళీ స్థలంలో పాత సామాన్లు కొనే ఒక వ్యక్తి కరెంటు వైర్లను కాల్చి రాగి తీస్తుంటాడు. టైరు ముక్కలు కూడా వేస్తాడు. తడిసిన చెత్త అంటుకోకపోతే సీసాతో పెట్రోలు పోస్తాడు. పైనే విద్యుత్ తీగలు ఉన్నాయి. చలికాలం ఉదయాలలో ఆ పొగ ఎటూ పోకుండా మా వరండాలోనే నిలిచిపోతుంది. ఒకసారి అడిగితే స్థలం యజమాని అనుమతి ఉందన్నాడు. ఇది మామూలు ఇరుగుపొరుగు తగవేనా?

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: కాదండీ. ముందు జవాబులో నేను చెప్పిన ఓర్పు, మధ్యాహ్నం మాటలు మీ విషయంలో వర్తించవు. పెట్రోలు సీసా, విద్యుత్ తీగలు, కాలుతున్న టైరు ఒకేచోట చేరినప్పుడు సంబంధాలు చెడతాయని ఆలోచిస్తూ కూర్చోవడం తగదు.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది పైకి పోకుండా నేల మీదుగా పాకుతుంది. దూరంగా ఉన్న నిప్పును తాకితే మంట వెనక్కి పరుగెత్తుకు వచ్చి పోసినవారి చేతిని, బట్టను పట్టుకుంటుంది. ఆరిందనుకున్న కుప్ప మీద పోసేవారు కాలిపోవడానికి కారణం ఇదే. ఇక వైర్ల తొడుగు సాధారణంగా పి.వి.సి. అనే ప్లాస్టిక్. అది కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి కళ్లను, గొంతును మండిస్తుంది. అలాంటి మంటలలో డయాక్సిన్లనే విషపదార్థాలు కూడా ఏర్పడతాయి. చలికాలం తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగాను, దాని పైపొర వెచ్చగాను ఉండడం వల్ల పొగ పైకి లేవలేక మూత పెట్టినట్టు కిందనే ఉండిపోతుంది. మీ వరండాలో జరుగుతున్నది అదే, మీరు ఊహించుకుంటున్నది కాదు.

స్థలం యజమాని అనుమతికి చట్టంలో విలువ లేదు. బహిరంగ స్థలాలలో చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరు 22న ఇచ్చిన ఉత్తర్వులో దేశమంతటా నిషేధించి, మామూలుగా కాల్చితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా వసూలు చేయాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 287వ సెక్షన్ ప్రకారం, నిప్పుతో గాని, మండే పదార్థాలతో గాని ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా ప్రవర్తిస్తే 6 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత భారతీయ శిక్షాస్మృతిలో ఇది 285వ సెక్షన్‌గా ఉండేది. జరిమానా మొత్తం చూసి మీకు నవ్వు రావచ్చు, నాకూ వస్తుంది. అయినా కేసు నమోదయితే పాత సామాన్ల వ్యాపారికి అసలు నష్టం ఆ రెండు వేలు కాదు, స్టేషన్ చుట్టూ తిరిగే రోజులు.

మీరు చేయవలసిన పని ఇది. మంట వెలుగుతున్నప్పుడు దగ్గరకు వెళ్లి వాదించవద్దు. మీ మేడ మీద నుంచే తీగలు, పెట్రోలు సీసా, మంట కనిపించేలా ఫోటోలు తీయండి. మంట అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే 101కి గాని, 112కి గాని ఫోన్ చేయండి. తప్పు సమాచారమవుతుందేమోనని సందేహించవద్దు. తీగల కింద మంట ఉందని విద్యుత్ శాఖ వారికి విడిగా తెలియజేయండి, అది వారి ఆస్తికి కూడా ప్రమాదం కనుక వారు పట్టించుకునే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత నగరపాలక సంస్థ పారిశుద్ధ్య విభాగానికి, మీ వార్డు సచివాలయానికి అర్జీలు ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అదే అర్జీని, పాత రశీదులతో సహా తీసుకువెళ్లండి.

మరొక దారి ఉంది, దీన్ని చాలామంది వాడుకోరు. నేర విచారణ పద్ధతికి సంబంధించిన చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద, ప్రజలకు ఇబ్బంది కలిగించే పనిని గాని, అగ్నిప్రమాదానికి దారితీసే విధంగా పదార్థాలను పారవేయడాన్ని గాని ఆపాలని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు; మన జిల్లాలలో ఆ అధికారం ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు చేతిలో ఉంటుంది. అయితే ఇది ఒక ఇంటి బాధ కోసం కాక పలువురి బాధ కోసం ఉన్న ఏర్పాటు కనుక, మీ వీధిలో పొగ తగిలే ఇళ్లవారందరి సంతకాలతో అర్జీ ఇవ్వండి. సంతకాల కోసం తిరిగినప్పుడు, ఆ వ్యాపారికే పాత ఇనుము అమ్మేవారు మీ వీధిలోనే ఉన్నారని తేలవచ్చు. తొడుగు తీయకుండా కూడా వైర్లను తూకానికి కొనేవారున్నారని, కాల్చిన రాగికి నల్లబడినందువల్ల ధర తగ్గుతుందని వారి చేత అతనికి చెప్పించగలిగితే, అధికారుల చుట్టూ తిరిగే శ్రమ కొంత తగ్గుతుంది.

ప్రశ్న: మాది గజపతినగరం వైపు పల్లె. పొలం పనులు అయ్యాక మొక్కజొన్న దంట్లు, విరిగిన గోగు పుల్లలు, ఆకు చెత్త మా పెరట్లోనే కాల్చడం మా తాతల నాటి నుంచి ఉన్న అలవాటు. ఈమధ్య పక్కన ఇల్లు కట్టుకున్నవారు పోలీసులకు చెబుతామంటున్నారు. మా స్థలంలో మేము కాల్చుకుంటే వారికేం?

— ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: స్థలం మీదే, గాలి మాత్రం మీ హద్దు రాయి దగ్గర ఆగదు. మీ తాతగారు కాల్చిన రోజులలో పక్కన ఇల్లు లేదు, ఇప్పుడు ఉంది. ఆ ఒక్క తేడాతో అదే పని నిర్లక్ష్యంగా మారవచ్చు.

మొక్కజొన్న దంట్లను కాల్చకుండా ముక్కలు చేసి పశువులకు వేయడం, మిగిలినదాన్ని పేడతో పాటు గుంతలో కుళ్లబెట్టడం మేలు. గోగు పుల్లలు పొయ్యిలోకి, దడికి పనికివచ్చేవే, వాటిని పెరట్లో తగలబెట్టడం నాకు అర్థం కాని పని. పైగా అవి లోపల బెండుగా, తేలికగా ఉండడం వల్ల చాలా తొందరగా అంటుకుంటాయి, మండుతున్న ముక్కలు గాలికి ఎగురుతాయి. ప్లాస్టిక్, రబ్బరు, పురుగుమందు డబ్బాలు, రంగు వేసిన చెక్క, జీడిపిక్కల తొక్కు ఎట్టి పరిస్థితిలోను మంటలో వేయవద్దు. జీడి తొక్కులో ఉండే నూనె చిటపటమని ఎగిరి చర్మాన్ని పొక్కిస్తుంది, దాని పొగ కళ్లను మండిస్తుంది. మూత ఉన్న డబ్బాలు వేడికి పేలతాయి.

గుంత చేసే వరకు తప్పనిసరై కొంత ఆకు చెత్తను కాల్చవలసివస్తే, అది చట్టం ఇచ్చిన అనుమతి కాదని గుర్తుంచుకొని, కనీసం ఈ జాగ్రత్తలు పాటించండి. ఇళ్లకు, పాకలకు, కుప్పలకు 50 అడుగులకు తగ్గకుండా దూరం చూసుకోండి. అంత దూరం మీ పెరట్లో దొరకకపోతే అక్కడ కాల్చనే వద్దు. అడ్డం మూడడుగులు, ఎత్తు రెండడుగులకు మించని చిన్న కుప్పే వేసి, అది అయ్యాక మరికొంత వేయండి. చుట్టూ నేల చెక్కి, నీళ్ల బిందెలు, తట్టెడు ఇసుక దగ్గర పెట్టుకున్న తర్వాతే అగ్గిపుల్ల గీయండి. గాలి వీచే రోజున మొదలుపెట్టవద్దు. నైలాను, పాలియెస్టరు బట్టలు కట్టుకొని మంట దగ్గర నిలబడవద్దు, అవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. పెద్దవారొకరు పూర్తిగా చల్లారే వరకు అక్కడి నుంచి కదలకూడదు. ఎవరికైనా కాలితే వెంటనే 20 నిమిషాల పాటు మామూలు చల్లని నీటి ధార కింద ఉంచండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు, మంచుగడ్డలు పెట్టవద్దు. గాయం పెద్దదైతే 108కి ఫోన్ చేయండి.

భోగి మంట గురించి మీరు అడగలేదు గాని, మీ ఉత్తరంలాంటివే సంక్రాంతి ముందు కూడా వస్తుంటాయి కనుక చెబుతున్నాను: పిడకలు, ఎండు కట్టెలు చాలు. వీధి మొగలో టైరు వేసి కాల్చమని ఏ ఆచారమూ చెప్పదు.

పోలీసులకు చెబుతామన్నవారి మీద కోపం పెట్టుకోకుండా, కాల్చవలసిన రోజు ముందురోజు సాయంత్రమే వారింటికి వెళ్లి ఏ వేళకు కాలుస్తారో, ఎంతసేపు పడుతుందో చెప్పండి. వారు ఆరవేసిన బట్టలు తీసుకుంటారు, కిటికీలు మూసుకుంటారు, పసిపిల్లలుంటే వేరే గదిలోకి మారుస్తారు. ఆ రోజు వద్దంటే మరో రోజు చూసుకోండి.